వరద తీశాక వచ్చే వాంతులు, విరేచనాలను ముందే పసిగట్టడం ఎలా: ఉపగ్రహ సమాచారంతో మండల స్థాయి హెచ్చరిక

2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు కాబట్టి అది ఎంత నీరో ఊహించుకోవచ్చు. నది ఎంత పెరుగుతుందో గంటగంటకూ చెప్పే ఏర్పాటు మనకు ఉంది. ఊళ్లు ఖాళీ చేయించే ఏర్పాటూ ఉంది. నీళ్లు తీశాక జనం ఇళ్లకు తిరిగొచ్చి బురద ఎత్తిపోసుకుంటున్న రోజుల్లో, ఏ ఊళ్లో ముందుగా వాంతులు, విరేచనాలు మొదలవుతాయో చెప్పే లెక్క మాత్రం ఇంకా మన అలవాటులోకి రాలేదు. తెలంగాణ పల్లెల్లో కలరాను గత్తర అనేవారు. అప్పట్లో అది వచ్చిందంటే చేయగలిగింది పెద్దగా ఉండేది కాదు. ఇప్పుడు ఓఆర్ఎస్, సెలైన్ వేళకు అందితే కలరా రోగి కూడా దాదాపు తప్పకుండా బతుకుతాడు. ఆ "వేళకు" అన్న మాట కోసమే ఈ శ్రమంతా.

ఈ పని సాధ్యమేనని యెమెన్‌లో తేలింది. అక్కడ 2017 ఏప్రిల్ చివర్లో మొదలైన రెండో విడత కలరాలో, ఆ ఏడాది ముగిసేలోపు అనుమానిత కేసులు 10 లక్షలు దాటాయి. అమెరికాలో పనిచేస్తున్న అంతర్‌ప్రీత్ జుట్లా, రీటా కోల్వెల్, అన్వర్ హక్ బృందం నాసా ఉపగ్రహాల వాన, ఉష్ణోగ్రత సమాచారంతో ఒక మోడల్, అంటే ముందస్తు అంచనా వేసే లెక్కల పద్ధతి, తయారు చేసింది. 2017లో ఏ ప్రాంతాల్లో కలరా వచ్చే అవకాశం ఎక్కువో అది 92 శాతం సరిగ్గా చెప్పింది. 2018 మార్చి నుంచి యునిసెఫ్, బ్రిటన్ ప్రభుత్వం, బ్రిటన్ వాతావరణ శాఖ ఆ అంచనాలను నేల మీద వాడాయి. 2017 జూన్‌లో ఒక్క వారంలోనే 50,000 పైగా కొత్త కేసులు వచ్చిన చోట, మరుసటి ఏడాది అదే కాలానికి వారానికి 2,500 దాకా తగ్గాయి. ఆ తగ్గుదలంతా అంచనా వల్లే అనడం తప్పు, అందులో చాలా కారణాలున్నాయి. క్లోరిన్ మాత్రలు, సబ్బులు, వైద్య సిబ్బంది ముందుగా ఎక్కడికి వెళ్లాలో నాలుగు వారాల ముందే తెలియడం మాత్రం చిన్న విషయం కాదు.

మీరు భూగోళ శాస్త్రం చదివే విద్యార్థి కావచ్చు, కమ్యూనిటీ మెడిసిన్ పీజీ కావచ్చు, స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తూ ఉండవచ్చు. ఒక ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, ఓపిక ఉంటే చాలు. ఇక్కడ చెప్పే సమాచారంలో ఎక్కువ భాగం ఉచితం. ఉదాహరణగా భద్రాచలం చుట్టుపక్కల గోదావరి, శబరి ముంపు మండలాలను తీసుకుంటాను.

ముందు చివరి పని గురించి ఆలోచించండి

చాలామంది ఉపగ్రహ చిత్రాలు డౌన్‌లోడ్ చేయడంతో మొదలుపెడతారు. అలా చేయకండి. మొదట మీ పీహెచ్‌సీ డాక్టరు దగ్గరకో, మండల నీటి సరఫరా ఇంజినీరు దగ్గరకో వెళ్లి రెండే ప్రశ్నలు అడగండి. "ఫలానా ఊళ్లో ముప్పు ఉందని నేను చెబితే మీరు ఏం చేస్తారు? అది చేయడానికి ఎన్ని రోజులు కావాలి?"

బ్లీచింగ్ పౌడర్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జింక్ మాత్రలు మండల కేంద్రంలోనే ఉంటే రెండు రోజులు చాలవచ్చు. వాగు పొంగితే దారి తెగిపోయే గిరిజన గూడేలకు పది రోజుల ముందే సరుకు చేర్చాలి. ట్యాంకర్లు పెట్టాలంటే పైవాళ్ల అనుమతికి ఇంకో వారం. ఈ రోజుల లెక్కే మీ అంచనా ఎంత ముందుగా ఉండాలో నిర్ణయిస్తుంది. నా అభిప్రాయంలో రెండు అంచనాలు విడివిడిగా పెట్టుకోవడం మంచిది. మూడు నాలుగు వారాల ముందు "ఈ మండలం మీద కన్నేసి ఉంచండి" అనేది ఒకటి. మూడు నుంచి ఏడు రోజుల ముందు "ఈ ఊళ్ల ట్యాంకుల్లో ఇవాళే క్లోరిన్ చూడండి" అనేది రెండోది. మొదటిది ఉష్ణోగ్రత, కాలం మీద ఆధారపడుతుంది. రెండోది వాన, ముంపు మీద.

ఎవరూ ఏమీ చేయబోరని తెలిస్తే? అప్పుడు మోడల్ కన్నా ముందు ఆ ఏర్పాటు కోసం కష్టపడండి. చేసేవాళ్లు లేని హెచ్చరిక ఊళ్లో భయం పుట్టించడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఏ జబ్బో తేల్చుకోండి

"నీటి ద్వారా వచ్చే జబ్బులు" అని అన్నిటినీ ఒక గంపలో వేస్తే మోడల్ దేన్నీ పట్టుకోలేదు. కారణం, నీరు తాగిన రోజుకీ జబ్బు కనిపించే రోజుకీ మధ్య ఎడం ఒక్కో జబ్బుకు ఒక్కోలా ఉంటుంది. కలరా కొన్ని గంటల నుంచి ఐదు రోజుల్లోపు బయటపడుతుంది. టైఫాయిడ్‌కు ఒకటి నుంచి మూడు వారాలు. పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్-ఏ సగటున నాలుగు వారాలు, హెపటైటిస్-ఈ రెండు నుంచి పది వారాలు. అంటే జూలైలో వచ్చిన వరదకు డయేరియా జూలైలోనే కనిపిస్తే, కామెర్లు ఆగస్టు చివర్లో గానీ కనిపించవు. అప్పటికి ఆ వరదను అందరూ మరిచిపోయి ఉంటారు.

మొదటిసారి చేస్తుంటే తీవ్ర డయేరియా ఒక్కటే తీసుకోండి. కేసులు ఎక్కువ ఉంటాయి, ఎడం తక్కువ, లెక్క తేలిక.

కేసుల లెక్క తెచ్చుకోవడం

మన దేశంలో ఐడీఎస్‌పీ అనే వ్యాధి నిఘా కార్యక్రమం 2004 నుంచి ఉంది. వారం వారం ఎక్కడెక్కడ వ్యాధులు ప్రబలాయో జిల్లా పేర్లతో నివేదికలు ఇస్తూ వచ్చింది. 2021 నుంచి ఇది ఐహెచ్ఐపీ అనే ఆన్‌లైన్ వేదిక మీదకు మారింది. ఏఎన్ఎం లక్షణాలను, డాక్టరు అనుమానిత కేసులను, ల్యాబ్ నిర్ధారణలను వేర్వేరు ఫారాల్లో నమోదు చేస్తారు. ఊరి స్థాయి లెక్కలు కావాలంటే జిల్లా నిఘా అధికారిని లిఖితపూర్వకంగా అడగండి. పేషెంట్ల పేర్లు, ఇంటి నంబర్లు అడగవద్దు, ఇస్తామన్నా తీసుకోవద్దు. ఊరు, వారం, కేసుల సంఖ్య చాలు.

మన రాష్ట్రాల్లో ఒక చిక్కు ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. జిల్లాల హద్దులు మారాయి. చింతూరు, కూనవరం, వీఆర్ పురం మండలాలు 2014 దాకా ఖమ్మం జిల్లాలో ఉన్నాయి. ఆ ఏడాది తూర్పు గోదావరిలోకి వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. "ఖమ్మం జిల్లాలో డయేరియా సగానికి తగ్గింది" అని గ్రాఫ్ చెబితే, తగ్గింది జబ్బు కాదు, జిల్లా. అందుకే లెక్కలన్నీ మండలం పేరుతో తిరగరాసుకోండి. విసుగు పుట్టించే పనే, వారం పడుతుంది, అయినా తప్పదు.

2020, 2021 సంవత్సరాలకు పక్కన ఒక గుర్తు పెట్టండి. కోవిడ్ వల్ల ఆస్పత్రికి వెళ్లడమే మారిపోయింది కాబట్టి ఆ అంకెలను మిగతా ఏళ్లతో సమానంగా చూడలేం.

వాన

జీపీఎం అనే ఉపగ్రహ బృందం నుంచి ఐమెర్గ్ పేరుతో వాన సమాచారం వస్తుంది. దాదాపు 10 కిలోమీటర్ల గడి (అంత చదరానికి ఒక అంకె), అరగంటకో కొలత. కోడింగ్ రానివాళ్లు నాసా వారి జియోవాన్ని వెబ్‌సైట్‌లో ఉచిత ఖాతా తెరిచి, తమ మండలం మీద పెట్టె గీసి, తేదీలు ఇస్తే గ్రాఫ్, అంకెలు రెండూ వస్తాయి. కోడింగ్ వచ్చినవాళ్లకు ఉపగ్రహ సమాచారాన్ని ఆన్‌లైన్‌లోనే లెక్కించే గూగుల్ ఎర్త్ ఇంజిన్ మేలు.

ఐమెర్గ్ మూడు రకాలుగా దొరుకుతుంది. ఎర్లీ సుమారు నాలుగు గంటల్లో, లేట్ సుమారు 14 గంటల్లో, ఫైనల్ మూడున్నర నెలలకు. ఫైనల్ అన్నిటికన్నా మెరుగైనదని దానితో మోడల్ తయారు చేసి, తీరా వానాకాలంలో లేట్ అంకెలు పెట్టి నడుపుతారు కొందరు. రెండిటి అంకెలూ ఒకేలా ఉండవు, మోడల్ తడబడుతుంది. వర్షాకాలంలో మీ చేతికి ఏది అందుతుందో దానితోనే మోడల్ నేర్పించండి.

మిల్లీమీటర్లను నేరుగా వాడకండి. అదే మండలంలో, అదే వారంలో, గత 20 ఏళ్లలో కురిసిన వానతో పోల్చి, ఇది ఎంత అరుదైనదో చూడండి. జూలైలో 100 మిల్లీమీటర్లకు ఎవరూ కంగారు పడరు. మార్చిలో అదే వాన పడితే ఎండిపోయిన మురుగు కాలువల్లోని చెత్తంతా ఒక్కసారి కదులుతుంది.

ఇంకొకటి. మీ మండలం మీద పడిన వాన ఒక్కటే చూస్తే గోదావరి పక్కన మోసపోతారు. భద్రాచలం వరద ఎక్కువగా ప్రాణహిత, ఇంద్రావతి నుంచి వస్తుంది. కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది, దాని నీరు ఒడిశా కొండల్లోది. మీ ఊళ్లో ఆకాశం నిర్మలంగా ఉండగానే ఇంట్లోకి నీళ్లు రావచ్చు. కాబట్టి ఎగువ పరీవాహక ప్రాంతాల వానను వేరే నిలువు వరుసలో పెట్టండి. దీనివల్ల రెండు మూడు రోజుల ముందస్తు సమయం అదనంగా దొరుకుతుంది.

ఉష్ణోగ్రత

జుట్లా బృందం పనిలో ముఖ్యమైన గమనిక ఇది: మామూలు కన్నా వేడిగా గడిచిన కొన్ని వారాల తర్వాత భారీ వాన పడి, ఆపై నీటి సరఫరా దెబ్బతింటే కలరా పెచ్చరిల్లే అవకాశం బాగా పెరుగుతుంది. వెచ్చబడిన నీటిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాన వాటిని జనం తాగే నీటిలోకి చేరుస్తుంది.

నాసా ఉపగ్రహాల మీదున్న మోడిస్ అనే పరికరం కొలిచే నేల ఉష్ణోగ్రత ఒక కిలోమీటరు గడిలో, ఎనిమిది రోజుల సగటుగా దొరుకుతుంది. దానితో ఇబ్బంది మబ్బు. జూలై, ఆగస్టుల్లో మన మీద వారాల తరబడి ఏమీ కనిపించదు. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా వాడుకుని, ఆ తర్వాతి ఖాళీలను ఏవో సగటులతో పూడ్చకుండా ఖాళీగానే వదిలేయండి.

ముంపు: ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి

మబ్బుల్లోంచి కూడా నేలను చూడగలిగేది రాడార్. ఐరోపా వారి సెంటినెల్-1 ఉపగ్రహాలు 2014 నుంచి ఈ పని చేస్తున్నాయి, చిత్రాలు ఉచితం, 10 మీటర్ల గడి. నిశ్చలంగా ఉన్న నీటి మీద పడిన రాడార్ తరంగం అద్దం మీద పడినట్టు పక్కకు వెళ్లిపోతుంది, వెనక్కి రాదు. అందుకే చిత్రంలో నీరు నల్లగా కనిపిస్తుంది.

ఎర్త్ ఇంజిన్‌లో చేసే పద్ధతి ఇది. వరదకు ముందటి చిత్రం ఒకటి, తర్వాతి చిత్రం ఒకటి తీసుకోండి. రెండూ ఉపగ్రహం ఒకే దిశలో వెళ్తూ తీసినవై ఉండాలి. చిత్రంలోని చుక్కచుక్కల గరుకుతనాన్ని సున్నితం చేసే ఫిల్టర్ వేయండి. డెసిబెల్స్‌లో (తిరిగొచ్చిన తరంగం బలాన్ని చెప్పే కొలత) ఉన్న తర్వాతి చిత్రాన్ని ముందటి చిత్రంతో భాగించి, 1.25 దాటిన చోట్లను కొత్త నీరుగా గుర్తించండి. ఐక్యరాజ్యసమితి వరద పటాల పద్ధతిలో వాడే మొదటి అంకె ఇదే, మీ ప్రాంతానికి తగ్గట్టు కొంచెం అటూ ఇటూ మార్చుకోవచ్చు. ఏడాదిలో పది నెలలకు పైగా నీరుండే చోట్లను తీసేయండి, అవి నదులు, చెరువులు. ఐదు శాతం కన్నా ఎక్కువ వాలున్న చోట్లనూ తీసేయండి, కొండ నీడను రాడార్ నీరనుకుంటుంది. ఎనిమిది కన్నా తక్కువ గడులున్న చిన్న మచ్చలు కూడా వద్దు.

ఈ పద్ధతిని మక్కికి మక్కి దించితే మన పొలాలు దెబ్బకొడతాయి. ముందటి చిత్రంగా మే నెలది పెట్టుకుంటే, జూలైలో దమ్ము చేసి నాట్లు వేసిన ప్రతి వరి మడీ వరదలాగే కనిపిస్తుంది. కృష్ణా, పశ్చిమ గోదావరి వైపు అయితే చేపల చెరువులు, రొయ్యల చెరువులు దీనికి తోడు. అందుకే ముందటి చిత్రం అదే నెలది, వరద రాని మరో సంవత్సరానిది తీసుకోండి. అప్పటికి మడుల్లో ఎలాగూ నీరుంటుంది కాబట్టి తేడా రాదు.

ఇంకో మాట. ఇళ్ల మధ్య నిలిచిన నీరు రాడార్‌కు సరిగా కనిపించదు, గోడలకు తగిలిన తరంగం వెనక్కి వచ్చి ఆ చోటును తెల్లగా చూపిస్తుంది. చెట్ల కింద నీరు కూడా అంతే. కాబట్టి ఊరి లోపల నీరు వెతక్కుండా, ఊరి చుట్టూ అర కిలోమీటరు వలయంలో కొత్త నీరు ఎంత భాగం ఉందో లెక్కించండి. చెట్ల కింది నీటి విషయంలో 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ అనే రాడార్ ఉపగ్రహం మీద నాకు చాలా ఆశ ఉంది, దాని పొడవైన తరంగాలు ఆకుల్లోంచి కిందికి దిగగలవు.

ఒక ఉపగ్రహం అదే చోటికి తిరిగి రావడానికి 12 రోజులు పడుతుంది. వరద ఉచ్ఛస్థితి ఆ మధ్యలో వచ్చి పోవచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం మన రాడార్ ఉపగ్రహం ఇఓఎస్-04 సహా వేర్వేరు ఉపగ్రహాల చిత్రాలతో ముంపు పటాలు తయారు చేస్తుంది. వాటిని భువన్ వెబ్‌సైట్‌లో చూసి మీ పటంతో సరిపోల్చుకోండి. మీది తేడాగా ఉంటే ముందు మీదే తప్పనుకోండి.

సముద్ర తీరం వాళ్లకు మాత్రమే

కలరా సూక్ష్మజీవి ఉప్పు, మంచినీరు కలిసే చోట్ల సహజంగానే బతుకుతుంది. కోపెపాడ్‌లనే కంటికి ఆనీ ఆనని నీటి జీవులను అంటిపెట్టుకుని ఉంటుందని కోల్వెల్ దశాబ్దాల పరిశోధనలో తేలింది. సముద్రంలో పచ్చని నాచు కణాలు పెరిగితే వాటిని తినే ఈ జీవులు పెరుగుతాయి, వాటితో పాటు ఇదీ. ఆ పచ్చదనాన్ని ఉపగ్రహం చూడగలదు. మన తీరానికి సూటిగా సంబంధించిన పని కూడా ఒకటుంది. 2010 నుంచి 2018 వరకు భారతదేశపు 40 తీర జిల్లాల కలరా లెక్కలను సముద్రపు రంగు, లవణీయత, సముద్ర మట్టం, నేల ఉష్ణోగ్రత లాంటి ఉపగ్రహ కొలతలతో కలిపి చూసిన 2020 నాటి అధ్యయనం, 89.5 శాతం వ్యాప్తులను సరిగ్గా గుర్తించింది.

అయితే గోదావరి, కృష్ణా సముద్రంలో కలిసే మొగల దగ్గర వానాకాలంలో నీరు ఎర్రగా ఉంటుంది. ఆ మట్టిని చూసి ఉపగ్రహం నాచు ఎక్కువుందని పొరబడుతుంది. మొగ నుంచి సముద్రం వైపు కొంత లోపలికి జరిగి కొలతలు తీసుకోండి. భద్రాచలం, చింతూరు వాళ్లు ఈ భాగం వదిలేయవచ్చు.

ఉపగ్రహానికి కనిపించనిది: నీటి దారి

2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి జనం చనిపోయారు. 2018 మార్చిలో గుంటూరులో అదే జరిగింది. రెండూ ఎండాకాలమే. వరద లేదు, తుపాను లేదు. తాగునీటిలో మురుగు కలిసింది. ప్రపంచంలోని ఏ ఉపగ్రహమూ నేల కింది పైపులో పడిన పగులును చూడలేదు. ఈ సంగతి మనసులో పెట్టుకోకుండా పటాలు గీస్తే, ఆకుపచ్చ రంగు వేసిన వార్డులోనే జనం ఆస్పత్రి పాలవుతారు.

అందుకని కనీసం ఒక్కసారి మండలమంతా తిరగండి. ఏఎన్ఎం లేదా ఆశా కార్యకర్తను, వాటర్ ట్యాంకు తిప్పే మనిషిని వెంటబెట్టుకోండి. నీళ్లు వదిలే ఆ మనిషికి తెలిసినంత ఏ ఫైలుకీ తెలియదు. ఏ వీధిలో పైపు మురుగు కాలువలోంచి పోతోంది, ఏ కుళాయికి నల్లి లేక గుంతలోంచి పట్టుకుంటున్నారు, మోటారు ఆగితే జనం ఏ చెలమ దగ్గరకు వెళ్తారు, ట్యాంకు ఆఖరిసారి ఎప్పుడు కడిగారు, ఇవన్నీ రాసుకోండి. బోర్లు, చేతిపంపులు, బావులు, ట్యాంకుల చోట్లను ఫోన్ జీపీఎస్‌తో గుర్తించండి. పల్లంలో ఉన్న బోరు చుట్టూ సిమెంటు గట్టు ఉందా? 2022 వరదలో అది మునిగిందా? ఊళ్లోవాళ్లు గోడ మీద నీటి గుర్తు చూపిస్తారు, ఫొటో తీసుకోండి. మీ రాడార్ పటం నిజమో కాదో చెప్పేది ఆ గోడే.

గూడేల్లో ఎండాకాలాన్ని కూడా ముప్పు కాలంగానే రాసుకోండి. బెంగాల్ డెల్టా తీరంలో కలరా ఏటా రెండుసార్లు పెరుగుతుంది: వరదలప్పుడే కాక, నదుల్లో నీరు తగ్గిన వసంతంలో కూడా. అక్కడ ఉప్పునీరు పైకి ఎగదన్నడం దానికి కారణం. మన కొండ ప్రాంతాల్లో కారణం వేరు, ఏప్రిల్, మే నెలల్లో ఊటలు ఎండి మనుషులూ పశువులూ ఒకే చెలమ మీద ఆధారపడడం. వాన లేని వారాలు వరసగా ఎన్ని గడిచాయో ఐమెర్గ్‌తోనే లెక్కపెట్టవచ్చు.

అన్నీ కలిపి మార్కులు వేయడం

ఇక్కడ చాలామంది వెంటనే మెషీన్ లెర్నింగ్ అంటారు. ఒక మండలానికి పదేళ్లలో గట్టిగా నాలుగైదు వ్యాప్తులు ఉంటాయి. అంత తక్కువ సమాచారంతో యంత్రం నేర్చుకునేది ఏమీ ఉండదు. పైన చెప్పిన తీర అధ్యయనంలోలా 40 జిల్లాల లెక్క ఉన్నప్పుడు అది సరే. మీ మొదటి ఏడాదికి మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు.

ఊరికి పది మార్కులు పెట్టుకుందాం. గత ఏడు రోజుల వాన ఆ వారానికి అరుదైన పది శాతంలో ఉంటే ఒకటి, రెండు శాతంలో ఉంటే రెండు. ఊరి చుట్టూ వలయంలో పావు వంతుకు పైగా కొత్త నీరుంటే రెండు. అంతకు ముందు నాలుగు నుంచి ఎనిమిది వారాలు మామూలు కన్నా వేడిగా ఉంటే ఒకటి. నీటి వనరు బలహీనతకు సున్నా నుంచి మూడు, ఇది మీరు తిరిగి రాసుకున్న దాన్ని బట్టి. గత రెండు వారాల్లో విరేచనాల కేసులు మామూలు కన్నా పెరిగితే రెండు. ఏడు, ఆపైన ఎరుపు. నాలుగు నుంచి ఆరు పసుపు.

ఊహకు ఒక లంక ఊరు తీసుకోండి. వాన ఒకటి, ముంపు రెండు, బోరు పల్లంలో మునిగింది కాబట్టి మూడు, మొత్తం ఆరు, పసుపు. ఇంతలో ఏఎన్ఎం ఫోన్ చేసి ఒకే వీధిలో నలుగురు పిల్లలకు విరేచనాలని చెబితే ఎనిమిది, ఎరుపు. ఇందులో ఉపగ్రహాల నుంచి వచ్చినవి మూడు మార్కులే. అలాగే ఉండాలి కూడా. ఈ మార్కులు నా అనుభవం కొద్దీ పెట్టినవి, మీ పాత లెక్కలతో సరిచూసి మార్చుకోండి.

నమ్మే ముందు పరీక్షించండి

ఒక సంవత్సరాన్ని పూర్తిగా పక్కన పెట్టి, మిగతా ఏళ్లతో మార్కులు సర్దుకుని, ఆ దాచిన ఏడాదిని అంచనా వేయండి. తర్వాత ఇంకో ఏడాదిని దాచండి. వారాలను ఇష్టమొచ్చినట్టు కలిపి విడదీస్తే, ఒకే వరదలోని పక్కపక్క వారాలు రెండు వైపులా చేరి ఫలితం లేనిపోని గొప్పగా కనిపిస్తుంది.

కచ్చితత్వం అనే అంకెను ఒంటరిగా చూడకండి. వంద వారాల్లో రెండు వారాలే జబ్బు ప్రబలితే, ఎప్పుడూ "ఏమీ కాదు" అనే మనిషి కూడా 98 శాతం నెగ్గుతాడు. రెండు లెక్కలు చూడండి: వచ్చిన వ్యాప్తుల్లో ఎన్నిటిని ముందే చెప్పాం, మోగించిన హెచ్చరికల్లో ఎన్ని వృథా అయ్యాయి. మీ మోడల్ "పోయిన ఏళ్లు ఇదే వారంలో ఏం జరిగిందో ఇప్పుడూ అదే" అనే మోటు లెక్క కన్నా మెరుగ్గా లేకపోతే, ఇంకా బయట పెట్టకండి.

వృథా హెచ్చరికలు ఎన్నిటిదాకా ఫర్వాలేదు అన్నది మీరు తేల్చేది కాదు. ఒక హెచ్చరిక వచ్చినప్పుడల్లా తిరగాల్సింది ఏఎన్ఎం. ఆమెనే అడగండి.

హెచ్చరిక ఎలా పంపాలి

పటం పంపితే ఫోన్‌లో ఎవరూ తెరవరు. నాలుగు వాక్యాలు రాయండి: "రాబోయే ఏడు రోజుల్లో ఈ మూడు ఊళ్లలో డయేరియా ముప్పు ఎక్కువ. కారణం: బోర్లు మునిగాయి, గత వారం నుంచి కేసులు పెరుగుతున్నాయి. ఇవాళ ట్యాంకుల్లో క్లోరిన్ చూడండి. ఇంటికి రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇవ్వండి." ఇది పీహెచ్‌సీకి, పంచాయతీకి, నీటి సరఫరా వాళ్లకు వెళ్లాలి. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో వేయవద్దు. జబ్బు ఊరనే ముద్ర పడితే పిల్లల్ని బడికి రానివ్వరు, పాలు కొనరు.

వాళ్లు చేసే పని కూడా మీకు తెలిసి ఉండాలి. మంచి బ్లీచింగ్ పౌడర్ అయితే వెయ్యి లీటర్ల నీటికి సుమారు రెండున్నర గ్రాములు మొదటి లెక్క. బురద నీటికి ఇది చాలదు, పాత పౌడర్‌లో బలం ఉండదు. అందుకే వేసిన అరగంట తర్వాత కిట్‌తో పరీక్షించాలి, వ్యాప్తి ముప్పు ఉన్నప్పుడు లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. విరేచనాలైన పిల్లలకు ఓఆర్ఎస్‌తో పాటు జింక్, ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, 10 నుంచి 14 రోజులు. నీళ్లు కాచడానికి పొడి కట్టెలు కూడా లేని వరద రోజుల్లో చివరి ఆసరాగా పాత చీర గుర్తుంచుకోండి. బంగ్లాదేశ్‌లోని 65 గ్రామాల్లో కోల్వెల్ బృందం చేసిన ప్రయోగంలో, నూలు చీరను నాలుగు నుంచి ఎనిమిది మడతలు వేసి నీళ్లు వడకట్టుకున్న ఇళ్లలో కలరా 48 శాతం తగ్గింది. సూక్ష్మజీవి అంటుకుని ఉండే కోపెపాడ్‌లు ఆ మడతల్లో ఆగిపోవడమే కారణం. క్లోరిన్ ఉన్నచోట క్లోరినే వాడాలి.

స్ప్రెడ్‌షీట్‌లో ఆఖరి వరస ఒకటి ఇప్పుడే కలపండి: "ఏం చేశారు?" ఎరుపు చూపించిన ఊళ్లో సిబ్బంది వెంటనే వెళ్లి ట్యాంకు కడిగి, క్లోరిన్ వేసి, ప్యాకెట్లు పంచితే జబ్బు రాకపోవచ్చు. ఏడాది చివర లెక్క చూసేవాళ్లకు అది తప్పుడు హెచ్చరికలా కనిపిస్తుంది, దాన్ని చూసి మీరే మోడల్‌ను సడలిస్తారు. హెచ్చరిక అందిన తేదీ, క్లోరిన్ వేసిన తేదీ, వేయకముందు ట్యాంకు నీటి పరీక్షలో ఏం తేలింది, ఈ మూడూ రాసి ఉంటే ఆ వారం నీళ్లు నిజంగానే చెడి ఉన్నాయో లేదో తర్వాత తెలుస్తుంది. ఈ వరస నింపాల్సింది ఊళ్లో ఉన్నవాళ్లే కాబట్టి, వానాకాలం మొదలయ్యే ముందే వాళ్లతో కూర్చుని ఎవరు రాస్తారో మాట్లాడుకోండి.